పెరటి కంప

ఖమ్మము నుండి వైరా మీదుగా వచ్చు బాట తల్లాడ యొద్ద రెండు పాయలుగా చీలును. ఒక పాయ సత్తుపల్లి దిక్కునకు పోవును. రెండవది ఏన్కూరు, జూలూరుపాడుల మీదుగా కొత్తగూడెము చేరి, అచటి నుండి అడవుల నడుమ సాగి, గోదావరి దాటి భద్రాచలము చేరును. తల్లాడకు ఒక ప్రక్క కాలువ నీటితో పండు వరి పొలములు, మిరప తోటలు. మఱియొక ప్రక్క పోనుపోను చిక్కబడు అడవి. ఫాల్గుణ మాసము వచ్చుసరికి ఈ సీమ యంతయు రంగు మార్చుకొనును. ఆకు రాల్చిన మోదుగలు ఎఱ్ఱని పూలతో నిండును. తెల్లవాఱుజామున ఇప్పపూలు రాలును. కళ్లములలో ఎండబోసిన మిరపకాయలు దూరమునకే కనబడును. చైత్ర శుద్ధ నవమి నాడు జరుగు భద్రాద్రి రాముని కల్యాణమును చూడబోవు యాత్రికులతో బాటలు సందడిగా నుండును.

ఉగాది దగ్గరపడగానే ఇల్లాండ్రు ఇండ్లు సవరింప మొదలిడుదురు. గోడలకు సున్నము పడును. గడపలకు పసుపు పూయబడును. వాకిళ్లు అలికి ముగ్గులు తీర్చబడును. ఇదంతయు ఇంటి ముందటి భాగము. అదే ఇంటి పెరటి తలుపు తెఱచి చూచినచో పలుచోట్ల వేఱొక దృశ్యము కనబడును. తలుపునకు పది బారల దూరములో సర్కారు తుమ్మ గుబురుగా పెరిగి యుండును. దాని నల్లుకొని పరికి తీగ. దాని నీడలో ఉత్తరేణి, వాకుడు. గోడ వారగా గచ్చపొద. అటు పోవు కాలిబాట మూసికొనిపోయి యుండును. బంధువులు వచ్చినపుడు ఆ తలుపు గడియ వేయుట ఇంటివారికి అలవాటైపోవును.

ఈ కంప ఎట్లు పెరిగినది? సోమరితనము వలన పెరిగినదని పెద్దలు సులభముగా తీర్పు చెప్పుదురు. అది సగము మాత్రమే సత్యము. ఒకప్పుడు పల్లెటూరి పెరడు ఇంటిలో అధికముగా వాడబడు చోటు. అచట బావి యుండెడిది. పశువుల కొట్టము, గడ్డివాము, పెంటదిబ్బ యుండెడివి. ఉదయము లేచినది మొదలు రాత్రి పడుకొను వఱకు ఎవరో ఒకరు ఆ దారిని తిరుగుచునే యుండెడివారు. మొలచిన ముల్లు మొలచినట్లే వారి కంటబడెడిది. పారతో ఒక దెబ్బ వేసినచో పని ముగిసెడిది. ట్రాక్టరు వచ్చిన పిదప ఎడ్లు తగ్గెను. కొట్టము ఖాళీ పడెను. కుళాయి నీరు ముంగిటికి వచ్చిన పిదప బావి వైపు పోవువారు లేరైరి. చదువులకును, కొలువులకును పడుచువారు పట్టణములకు పోయిరి. నడక తగ్గిన చోట కంప పెరుగును. పెరటి కంప ఆ యింటి బ్రతుకు మారిన తీరునకు గుర్తు. అయినను, కారణము తెలిసినంత మాత్రమున ముల్లు గ్రుచ్చుకొనుట మానదు గదా!

ఆ ముల్లు వలని కీడు చిన్నది కాదు. సర్కారు తుమ్మ ముల్లు కాలిలో విఱిగినచో చోటు వాచి చీము పట్టును. మట్టిలోని సూక్ష్మజీవి గాయమున చేరినచో ధనుర్వాతము రావచ్చును. తేమగల పొదలలోను, గడ్డిలోను బ్రతుకు కంటికానని పురుగు కుట్టుట వలన స్క్రబ్ టైఫస్ అను జ్వరము వచ్చును. పొదలలో ఎలుకలు కాపురముండును. ఎలుకలున్న చోటికి పాములు వచ్చును. 2000 నుండి 2019 వఱకు గడచిన ఇరువది యేండ్లలో భారతదేశమున పాముకాటు వలన సుమారు 12 లక్షల మంది మరణించిరని 2020లో వెలువడిన ఒక పరిశోధన అంచనా వేసినది. వారిలో అత్యధికులు పల్లెలవారు. మరణములలో దాదాపు సగము జూన్ నుండి సెప్టెంబరు వఱకు గల వానకాలపు నెలలలోనే సంభవించినవి. పాముకాటును ఉపేక్షింపబడిన వ్యాధుల పట్టికలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో చేర్చినది. వానలు పడక ముందే, వసంతములోనే, పెరడు బాగుచేసికొనవలెననుటకు ఇంతకంటె బలమైన కారణము అక్కరలేదు.

పెరడు బాగుచేయవలెననుటలో ఎవరికిని భేదాభిప్రాయము లేదు. ఎట్లు చేయవలెననుటలోనే చిక్కంతయు కలదు. పల్లెలలో నాలుగు పద్ధతులు వాడుకలో నున్నవి. మొదటిది నిప్పు పెట్టుట. రెండవది పైపైన కొట్టివేయుట. మూడవది యంత్రముతో పెకలించుట. నాలుగవది గడ్డిమందు చల్లుట. ఈ నాలుగును శీఘ్రముగా ముగియు పనులు. శీఘ్రముగా ముగియుటయే వాని గుణము. అదియే వాని దోషము.

నిప్పు సంగతి ముందుగా విచారింపవలెను. ఎండిన పొదకు అగ్గిపుల్ల గీచినచో గడియలో పెరడు నల్లబడును. చూచువారికి పని తీరినట్లే తోచును. కాని సర్కారు తుమ్మ మొదలు నేలలో బ్రతికియే యుండును. పైకొమ్మ మాడినను, నేలలోని మొదటి నుండి తొలకరి నాటికి క్రొత్త చిగుళ్లు గుంపుగా లేచును. ఒక కాండమున్న చోట నాలుగైదు కాండములగును. బూడిద నేలకు బలమిచ్చును గదా యని కొందఱందురు. బూడిదలో కొంత సారము నిలుచుట నిజమే. అయితే ఆకులోను, కొమ్మలోను నున్న నత్రజనిలో అధికభాగము పొగతో కూడ ఆకాశమున కలియును. మిగిలిన బూడిదను మొదటి పెనుగాలి ఎగురగొట్టును.

అంతకంటె పెద్ద ప్రమాదము మఱియొకటి కలదు. ఫాల్గుణ చైత్రములలో పెరటి వెనుక ఏమేమి యుండునో ఒకసారి తలచుకొనవలెను. పొరుగువాని గడ్డివాము, కళ్లములో ఎండు మిరప, కట్టెల మోపులు, అడవి అంచున రాలిన ఎండుటాకులు. గాలి ఒక్కసారి దిక్కు మార్చినచో అగ్గిపుల్ల గీచినవాని చేతిలో ఏమియు నుండదు. ఇప్పపువ్వు ఏరుటకు అనువుగా నుండునని చెట్టు క్రింది ఆకులను కాల్చుటయు, తునికాకు చిగుళ్లు బాగుగా వచ్చునని పొదలకు నిప్పంటించుటయు ఈ అడవి సీమలలో ఉన్న అలవాట్లే. ఫిబ్రవరి నుండి మే వఱకు అడవులు తగులబడు కాలము. భారత అటవీ సర్వేక్షణ సంస్థ ఉపగ్రహముల సాయముతో మంటల జాడ కనిపెట్టి అటవీ శాఖలకు తెలియజేయుచున్నది. రక్షితారణ్యమునకు నిప్పు పెట్టుట 1967 నాటి అటవీ చట్టము ప్రకారము నేరము. చట్టము మాట అటుంచినను, ఒకని పెరడు శుభ్రపడుటకు పదిమంది కష్టము పణముగా పెట్టు హక్కు ఎవనికిని లేదు.

కాముని పున్నమ నాడు పిల్లలు ఇంటింట కట్టెలు పోగుచేసి మంట వేయుదురు గదా, అది తప్పా యని అడుగవచ్చును. ఆ మంటకు హద్దు కలదు. అది ఇండ్లకు దూరముగా, ఖాళీ స్థలమున, పదుగురి కన్నుల ముందఱ మండును. పెద్దలు ఆఱిపోవు వఱకు దానిని కనిపెట్టి యుందురు. పెరటి పొదకు పెట్టిన నిప్పునకు హద్దు గాలియే.

ఇక పైపైన కొట్టివేయుట. కూలివాండ్రను పిలిచి, మోకాటి ఎత్తున నఱికించి, కంప అవతల పాఱవేయించుట సామాన్యముగా జరుగు పని. ఇది నిప్పు వలె ప్రమాదకరము కాదు. అయితే ఫలితము మాత్రము నిప్పు వలెనే. మొదలు మిగిలినంత కాలము సర్కారు తుమ్మకు గొడ్డలిదెబ్బ క్షౌరమే. ఏటేట కూలి యిచ్చి ఏటేట చెట్టును గుబురు చేసికొనుట అగును. ప్రొక్లెయిను యంత్రము వేళ్లతో కూడ పెకలింపగలదు. ఎకరముల కొలది బీడు విషయమున అది తగిన సాధనమే. ఇంటి పెరటిలో మాత్రము అది కంపతో పాటు మునగను, కరివేపాకును, బావి ఒరను, పైమట్టిని కూడ ఒకే చేతితో ఊడ్చివేయును. గడ్డిమందు చల్లిన చోట మేసిన కోడికిని, దగ్గఱి బావి నీటికిని ఏమగునో చల్లినవారు ఆలోచింపరు. పారాక్వాట్ వంటి కొన్ని మందులు కడుపులోనికి పోయినచో వానికి విరుగుడు లేదు. పిల్లలు తిరుగు పెరటిలో అట్టి డబ్బా ఒకటి మూల పడియుండుట ముల్లుకంటె ఘోరము.

ముల్లును నిందించుటకు ముందు దాని చరిత్ర కొంత తెలిసికొనుట న్యాయము. సర్కారు తుమ్మ ఈ దేశపు చెట్టు కాదు. దాని పుట్టిల్లు అమెరికా ఖండములలోని వేడి ప్రాంతములు. 1876లో మద్రాసు రాజధాని అటవీ అధికారియైన బెడ్డోము దాని విత్తనములు కావలెనని దొరతనము వారిని కోరెను. జమైకా ద్వీపము నుండి వచ్చిన విత్తనములను 1877లో కడప జిల్లా కమలాపురము ప్రాంతమున నాటిరి. అది ధాత కరువు కాలము. కట్టెపుల్ల కఱవై, నేల మోడువారిన కాలమున, నీరు లేకున్నను పెరుగు చెట్టు వరముగా కనబడుటలో వింత లేదు. సర్కారు వారు తెచ్చిన తుమ్మ గావున సర్కారు తుమ్మ అయినది. పేదవాని పొయ్యికి అది కట్టె యిచ్చినది. బొగ్గు కాల్చువారికి జీవనమిచ్చినది. దాని కాయలను మేకలు, పశువులు ఇష్టముగా తినును. అయితే ఆ కాయలలోని విత్తనము పశువు కడుపులో చావదు. పేడతో బయటపడి, ఆ పేడయే ఎరువుగా మొలకెత్తును. ఈ విధముగా పశువు నడచిన దారి యంతయు దాని దారి అయినది.

లంటానా కథయు ఇట్టిదే. కొన్ని ప్రాంతములలో దీనిని తలంబ్రాల చెట్టందురు. పసుపు, ఎఱుపు కలిసిన చిన్న పూల గుత్తిని చూచినచో ఆ పేరు ఎంత తగినదో తెలియును. పందొమ్మిదవ శతాబ్దపు తొలి దశకములో దీనిని అలంకారమునకై కలకత్తా వృక్షోద్యానమునకు తెచ్చిరి. తోటలో నుండవలసిన ఆ పూలమొక్క పిట్టల నోట బడి కొండలకు ఎక్కినది. పులులు తిరుగు భారతదేశపు అడవులలో సుమారు ఐదింట రెండు వంతులు అది ఆక్రమించినదని 2020లో వెలువడిన పరిశోధన తెలుపుచున్నది. దాని ఆకు పశువులకు విషము. దాని క్రింద గడ్డి సరిగా పెరుగదు. పేరు మంగళకరమైనంత మాత్రమున పని మంగళకరము కానక్కరలేదు.

నాగజెముడు కథ మాత్రము వేఱు విధముగా ముగిసినది. ఒకప్పుడు దక్షిణాది బీళ్లను కమ్మివేసిన ఆ ముండ్ల మొక్కపై 1926లో సింహళము నుండి తెచ్చిన ఒక చిన్న పురుగును వదలిరి. ఆ మొక్క రసమే దానికి ఆహారము. కొద్ది యేండ్లలోనే పొదలు కూలిపోయినవి. ఆస్ట్రేలియా దేశమున అట్టి జెముడే రెండు కోట్ల హెక్టారులకు పైగా వ్యాపింపగా, అర్జెంటీనా నుండి తెచ్చిన చిమ్మట పురుగులు దానిని అదుపు చేసినవి. కృతజ్ఞతగా అచటి రైతులు బూనార్గా అను చిన్న గ్రామమున ఆ పురుగు పేరిట 1936లో ఒక సమావేశ మందిరమునే నిర్మించుకొనిరి! లంటానా మీద పురుగులను వదలి చేసిన ప్రయత్నములు భారతదేశమున ఇంతటి ఫలమీయలేదు. సర్కారు తుమ్మను తిని పెరడు బాగుచేసి పెట్టు పురుగు ఏదియు తల్లాడకు రానున్నదని ఆశింపరాదు. ఆ పని మనుష్యుని చేతులే చేయవలెను.

మంచి పద్ధతికి మొదటి మెట్టు, దేనిని తీయవలెనో దేనిని ఉంచవలెనో నిర్ణయించుకొనుట. ముల్లున్నదెల్ల శత్రువు కాదు. రేగుచెట్టునకు ముల్లు కలదు. భోగినాడు పసిబిడ్డల తలపై పోయు పండ్లు దానివే. కలివెపొదకు ముల్లు కలదు. వేసవిలో దాని నల్లని పండ్లకై పిల్లలు ఎండను కూడ లెక్కచేయరు. నిమ్మకు ముల్లు కలదు. వాకుడునకు నిండ ముండ్లే. అయినను అది వైద్యుల మూలికలలో నొకటి. పెరటిచెట్టు వైద్యమునకు పనికిరాదను సామెత మనుష్యుల అలక్ష్యమును గూర్చినదే కాని చెట్టును గూర్చినది కాదు. అందుచేత గొడ్డలి ఎత్తుటకు ముందు, ఊరిలో చెట్టు నెఱిగిన ఒక వృద్ధుని వెంటబెట్టుకొని పెరడంతయు ఒకసారి తిరుగవలెను. ఉంచదలచిన మొక్కకు ఒక గుడ్డపీలిక కట్టవలెను. పదిమంది పిల్లలకు ఆ గంటలో తెలియు వృక్షశాస్త్రము పాఠ్యపుస్తకము ప్రక్కన పెట్టుకొని చదువదగినది.

రెండవ మెట్టు కాలము నెఱుగుట. సర్కారు తుమ్మ పూత వసంతమునకు ముందే ప్రారంభమగును. కాయ పండి రాలుట నిండు వేసవిలో. కావున ఫాల్గుణములో తీసినచో ఆ యేటి విత్తనము నేలబడదు. పికిలిపిట్టలు గూడు కట్టు కాలమును ఇప్పుడే ప్రారంభమగును. పొదలో గూడు, గుడ్లు కనబడినచో ఆ ఒక్క పొదను పిల్లలు ఎగిరిపోవు వఱకు విడుచుట ధర్మము. ఇరువది పొదలలో ఒక పొద మిగిలినంత మాత్రమున పని చెడదు. ఆ పికిలిపిట్టయే రేపు కూరపాదుల మీది పురుగులను ఏరి తినును. పొదలో ముంగిస యున్నచో దానికి పాఱిపోవు దారి విడువవలెను. పాముల సంగతి దానికి మనుష్యులకంటె బాగుగా తెలియును.

మూడవది పనితీరు. ఇది పెద్దల పని. పిల్లలు గొడ్డలి పట్టరాదు. గట్టి చెప్పులు, నిండు చేతుల చొక్కా ఉండవలెను. పొడవైన కఱ్ఱతో పొదను తట్టి, చప్పుడు చేసి, కొంత తడవు ఆగవలెను. పాము సాధారణముగా తప్పుకొనుటకే చూచును. కొడవలి కట్టిన దోటితో అంచుల నుండి కొమ్మలు కోసికొనుచు లోనికి పోవలెను. కోసిన కొమ్మను చేతితో పట్టక పంగలకఱ్ఱతో ఈడ్వవలెను. మొదలు మోకాటి ఎత్తున నిలిపి, దాని చుట్టు గడ్డపారతో త్రవ్వి, నేలకు జానెడు లోతు దిగువను వేరు తెగునట్లు చూచి, నిలిపిన మొదలునే తులాదండముగా వంచి పెకలింపవలెను. చిగుళ్లు పుట్టు కణుపులు పైవేరులోనే యుండును గనుక, అది పోయినచో చెట్టు పోయినట్లే. వాన పడి మెత్తబడిన నేలలో ఈ పని సులువు కాదా యని అడుగవచ్చును. సులువే, కాని అప్పటికి పాములును పొదలోనే యుండును, చేలో పనులును ముంచుకొని వచ్చును. ఫాల్గుణములో నేల గట్టిగా నున్నచో ముందటి సాయంకాలము మొదట నాలుగు బిందెల నీరు పోసినచో చాలును.

ఎంత జాగ్రత్త పడినను పాము కఱచినచో ఏమి చేయవలెనో అందఱు తెలిసికొని యుండవలెను. గాయము కోయరాదు, నోటితో పీల్చరాదు, గట్టి కట్టు కట్టరాదు. కఱచిన అవయవమును కదలింపక, మనిషిని నడిపింపక, ధైర్యము చెప్పుచు ఆసుపత్రికి చేర్చవలెను. నాగుపాము, కట్లపాము, రెండు విధములైన పింజరులు—ఈ నాలుగింటి విషమునకును పనిచేయు ఒకే మందు కలదు. మంత్రగాని యింటి గడపలో పోయిన గంట తిరిగి రాదు.

తీసిన కంపను ఏమి చేయవలెను? ఊరి చెఱువు గట్టున పాఱవేయుట తన ముల్లును ఊరికి పంచుటయే. ముదురు కొమ్మలు వంటకట్టె యగును. ముండ్ల కొమ్మలు చేని చుట్టు దడి యగును. అదియు కాయ లేని కొమ్మలతో కట్టినచో మేలు, లేకున్న దడియే చేనిలో మొలచును. కంచె చేను మేయుట యనగా ఇదియే గదా! కలుపుగా పెరిగిన మొక్కతో కూడ పని చేయించుకొనిన నేర్పరులు కలరు. నీలగిరి కొండలలోని గిరిజన శిల్పులు లంటానా కఱ్ఱను వంచి నిలువెత్తు ఏనుగు బొమ్మలు చేసిరి. 2021లో ఆ బొమ్మల మంద లండన్ నగరపు ఉద్యానములలో నిలిచి చూపరుల నాకర్షించినది. అడవిని పీడించిన కంప ఆ చేతులలో అన్నముగా మాఱినది.

ఇంత శ్రమ పేద కుటుంబమునకు సాధ్యమా యను ప్రశ్న ఉచితమైనదే. పగలంతయు మిరప కోతకు పోయి వచ్చిన తల్లిని, సాయంకాలము గడ్డపార పట్టుమనుట క్రూరత్వము. దానికి సమాధానము రెండు మాటలు. మొదటిది, పెరడంతయు ఒక్కనాడే బాగుపడవలెనను పట్టుదల విడువవలెను. ఉదయపు చల్లని వేళ దినమునకు రెండు మొదళ్లు తీసినచో నెలకు అఱువది. నిప్పు పెట్టువాని తొందర అంతయు ఒక్క దినములో ముగింపవలెనను కోరిక నుండియే పుట్టినది. రెండవది, చేతులు కలుపుట. నాట్లకు, కోతలకు ఒకరికొకరు బదులు పని చేయుట పల్లెలు ఎఱిగిన ధర్మమే. నాలుగిండ్లవారు కలిసి వారమున కొక పెరడు బాగుచేసికొనినచో ఉగాది నాటికి నాలుగు పెరళ్లు తెఱపి పడును. అట్లు కలియుట అవసరము కూడ. గోడకు ఇవతల తీసి, అవతల కాయ రాలనిచ్చినచో చేసిన పని నిలువదు. 2019 సెప్టెంబరులో తెలంగాణ ప్రభుత్వము పల్లెలలో ముప్పది దినముల ప్రత్యేక కార్యక్రమము జరిపి, బాటల ప్రక్కను ఖాళీ స్థలములలోను పెరిగిన పిచ్చిమొక్కలను తీయించినది. ఊరి బాటను పంచాయతి తీయింపవచ్చును. ప్రతి యింటి పెరటి తలుపును పంచాయతి తెఱువజాలదు.

కంప తీసిన నేలను ఖాళీగా విడిచినచో మరల కంపయే వచ్చును. నేల ఎన్నడును ఊరకుండదు; దానికి పని చెప్పనివారికి అది తనకు తోచిన పని చేసి చూపును. త్రవ్విన గుంటలను రోహిణి కార్తె ఎండలకు ఎండనిచ్చి, పెంటమట్టితో నింపి, మృగశిర వానలకు మునగ, నిమ్మ, జామ, కరివేపాకు నాటవలెను. గోడ వారగా గోరింట నాటినచో ఆషాఢములో ఆడపిల్లల చేతులు పండును. పందిరిపై సొర, బీర పాకింపవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, పెరటిలోనికి దినమున కొకసారియైనను పోవు పని ఒకటి కల్పించుకొనవలెను. కూరాకు కోయుటకో, మొక్కకు నీరు పోయుటకో మనిషి పాదము అటు పడినన్నాళ్లు కంప తిరిగి రాజాలదు.

ఎంత శ్రద్ధగా తీసినను, నేలలో దాగిన పాత విత్తనములు తొలకరికి మొలకెత్తక మానవు. అపుడు నిరుత్సాహపడరాదు. వేలెడు మొలక వ్రేళ్లతో పట్టి లాగినచో ఊడి వచ్చును. దానిని అట్లే విడిచిన రెండేండ్లకు గడ్డపార కావలెను; పదేండ్లకు యంత్రము కావలెను. గోటితో పోవుదానికి గొడ్డలి యెందుకని పెద్దలు ఊరక చెప్పలేదు. ఆ సామెతను నోటితో చెప్పువారు చాలమంది కలరు. వాన వెలిసిన ఉదయమున పెరటిలో వంగి దానిని వ్రేళ్లతో ఆచరించువారే తక్కువ. అట్లు ఆచరించు ఇంటిలో, చీకటి పడిన పిదప చెప్పులు లేని కాళ్లతో పెరటిలోనికి పరుగెత్తిన పసివానిని చూచి తల్లి గుండె ఝల్లుమనదు.